తనఖా ఋణమును కార్డు బాకీతో తీర్చుట లాభమా?

ఋణము తీర్చుటకు రెండు మార్గములు గలవు. సొంత ఆదాయమునుండి మిగిల్చి తీర్చుట మొదటిది. ఒకచోట అప్పు చేసి మఱియొకచోట తీర్చుట రెండవది. మొదటి మార్గమున అప్పు తగ్గును. రెండవ మార్గమున అప్పు చోటు మాఱునే కాని తగ్గదు. ఐనను చోటు మాఱుటవలన వడ్డీ తగ్గినయెడల మేలే కదా యని పలువురు తలంతురు. ఆ తలంపు కొంతవఱకు నిజము, కొంతవఱకు ప్రమాదకరము. ఎంతవఱకు నిజమో, ఎచ్చట ప్రమాదమో లెక్క వేసి చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన జిల్లాల యువకులనేకులు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉద్యోగములు చేయుచు అచ్చట ఇండ్లు కొనియున్నారు. అచ్చట ఇల్లు కొనువాడు ఆ ఇంటినే తనఖా పెట్టి, సామాన్యముగా 30 సంవత్సరముల వాయిదాలతో ఋణము తీసికొనును. అట్టి ఋణమును త్వరగా తీర్చుటకు క్రెడిట్ కార్డుల "బాకీ బదిలీ" యను యుక్తి ఆ దేశమున ప్రచారములో నున్నది. కుమారుడు సెలవులకు వచ్చి చెప్పిన యుక్తిని తండ్రి ఇచ్చటి పొలముపై ప్రయోగింప దలచుట సహజము. కావున ఆ యుక్తిని మొదట దాని స్వస్థలమందే పరీక్షింతము.

బాకీ బదిలీ యననేమి?

క్రెడిట్ కార్డు బాకీ యనునది జామీను లేకయే బ్యాంకు ఇచ్చు స్వల్పకాలిక ఋణము. సరకు కొని కార్డు చూపినయెడల సొమ్మును బ్యాంకు చెల్లించి, నెలకొకసారి లెక్క పంపును. గడువులో పూర్తిగా చెల్లించినవానికి వడ్డీ లేదు. నిలిపినవానికి హెచ్చు వడ్డీ పడును. అమెరికాలో కార్డుల సగటు వడ్డీ 2023లో సాలుకు 20 శాతమును దాటెను.

ఇతర బ్యాంకుల ఖాతాదారులను ఆకర్షించుటకై ఒక బ్యాంకు, "మీ పాత బాకీని మా కార్డునకు మార్చుకొనుడు, ఇన్ని నెలలవఱకు వడ్డీ లేదు" అని ప్రకటించును. ఆ గడువు సామాన్యముగా 12 మొదలు 21 నెలలవఱకు నుండును. మార్చిన మొత్తముపై నూటికి 3 మొదలు 5 వంతున రుసుమును ముందుగనే బాకీలో చేర్చుదురు. కొన్ని బ్యాంకులు చెక్కులను సైతము పంపును. ఖాతాదారుడు ఆ చెక్కును తన ఖాతాలో వేసికొని, ఆ సొమ్ముతో ఇంటి తనఖా ఋణమును చెల్లింపవచ్చును. ఇదియే ఆ యుక్తి.

లెక్క

ఒకని తనఖాలో 12,000 డాలర్లు మాత్రమే మిగిలియున్నవనియు, వడ్డీ సాలుకు 6½ శాతమనియు అనుకొందము. అతడు 18 నెలలలో సమానభాగములుగా అసలు తీర్చగలవాడు. తనఖాలోనే యుంచి అట్లు తీర్చినయెడల పడు వడ్డీ సుమారు 617 డాలర్లు. కార్డునకు మార్చి, వడ్డీ లేని 18 నెలల గడువులో తీర్చినయెడల 3 శాతము రుసుము 360 డాలర్లు. మిగులు సుమారు 257 డాలర్లు. రుసుము 5 శాతమైనయెడల 600 డాలర్లు పోయి, మిగులు 17 డాలర్లు మాత్రమే.

12,000 డాలర్లకు ఏడాదిన్నర వడ్డీ 1,170 డాలర్లు కావలెను గదా యని ఒకరు అడుగవచ్చును. అసలు నెలనెల తగ్గుచుండుటచే వడ్డీయు తగ్గుచుండును. రుసుము మాత్రము మొదటి దినముననే మొత్తము 12,000పై పడును. ప్రకటన చదువువారు సామాన్యముగా మఱచునది దీనినే.

తనఖా వడ్డీయే తక్కువయైనచో మార్పువలన నష్టమే కలుగును. 2021 జనవరిలో అమెరికాలో 30 సంవత్సరముల తనఖా సగటు వడ్డీ 2.65 శాతమునకు దిగెను. ఆనాటి ఋణము గలవాడు పై లెక్కప్రకారము చెల్లింపవలసిన వడ్డీ సుమారు 252 డాలర్లు. దానిని తప్పించుకొనుటకు 360 డాలర్ల రుసుము నిచ్చుట తెలివి కాదు.

మఱియొక సంగతి గలదు. తనఖాలో మిగిలినది 12,000 గాక 1,50,000 డాలర్లైనయెడల, అందు 12,000 చెల్లించినంతమాత్రమున నెలసరి వాయిదా తగ్గదు. ఋణము ముగియు కాలము మాత్రమే ముందునకు జరుగును. అనగా తనఖా వాయిదాను యథాప్రకారము చెల్లించుచు, దానిపై కార్డునకు నెలకు 687 డాలర్ల వంతున 18 నెలలు చెల్లింపవలెను. అంత మిగులు గలవాడు కార్డు లేకయే ఆ మిగులును తనఖాకు కట్టవచ్చును.

గడువు దాటిన పిమ్మట

మన 12,000 డాలర్ల ఋణస్థుడు రుసుము చెల్లించి, 18 నెలలలో అసలులో సగమే తీర్చగలిగెననుకొందము. అంతవఱకు అతనికి తప్పిన తనఖా వడ్డీ సుమారు 894 డాలర్లు; రుసుము పోగా లాభము 534. పందొమ్మిదవ నెలనుండి మిగిలిన 6,000పై సాలుకు 22 శాతము వడ్డీ పడినచో నెలకు 110 డాలర్లు. ఆ 6,000 తనఖాలోనే యుండినయెడల నెలకు 32½ డాలర్లతో సరిపోవును. తేడా నెలకు 77½ డాలర్లు. అసలు తీర్చలేక అట్లే నిలిపినయెడల ఏడు నెలలలో లాభమంతయు హరించిపోవును. అటుపిమ్మట ప్రతినెలయు నష్టమే. ఇది పెనము మీదినుండి పొయ్యిలో పడుటయే.

ఒక కార్డు గడువు ముగియుసరికి మఱియొక కార్డు దొరకునని ధైర్యము చెప్పువారు గలరు. దొరకు కాలమున దొరకును. 2008, 2009 సంవత్సరములలో ఆర్థిక సంక్షోభము వచ్చినపుడు అమెరికా బ్యాంకులు అనేక కార్డుల పరిమితులను తగ్గించివేసెను. ఉద్యోగములు పోవు కాలమును, కార్డులు దొరకని కాలమును ఒకటే యగుట గమనింపదగినది. ఆ దేశమున 2009లో చేసిన కార్డుల చట్టము ఇట్టి తక్కువ వడ్డీ గడువు కనీసము ఆఱు నెలలుండవలెనని విధించినది. ఐనను 60 దినములు వాయిదా తప్పినవాని పాత బాకీపై సైతము వడ్డీ పెంచుటకు ఆ చట్టమే అవకాశ మిచ్చుచున్నది.

న్యాయముగా చెప్పవలెనన్న ఈ యుక్తిలో ఒక మేలు గలదు. తనఖా పూర్తిగా తీఱినయెడల ఇల్లు విడుదల యగును. కార్డు బ్యాంకునకు ఇంటిపై నేరుగా హక్కు లేదు. అది కోర్టున దావా వేసి డిక్రీ పొందవలెను. కావున స్థిరమైన జీతము, చేతిలో నిలువ సొమ్ము, కొద్దిపాటి మిగులు తనఖా గలవానికి ఈ యుక్తి కొంత లాభము నీయవచ్చును. ఈ మూడింటిలో నేది లేకున్నను దాని జోలికి పోరాదు.

మన దేశపు కార్డులు

మన గ్రామములలో నూటికి రెండు రూపాయల వడ్డీ యన్ననే రైతు వెనుకాడును. మన దేశపు కార్డు బాకీపై అనేక బ్యాంకులు నెలకు నూటికి మూడున్నర రూపాయలవఱకును, అంతకు మించియు వడ్డీ గట్టుచున్నవి. మూడున్నర రూపాయల వంతున సాలుకు 42 శాతము. ఆ వడ్డీపై 18 శాతము జి.ఎస్.టి. చేరినయెడల 49½ శాతమగును. కార్డుతో నగదు తీసినచో తీసిన దినమునుండియే వడ్డీ నడచును. 2008లో జాతీయ వినియోగదారుల కమిషను, 30 శాతమునకు మించిన కార్డు వడ్డీ అనుచితమని తీర్పు చెప్పెను. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసినది. కావున ఆ 30 శాతపు హద్దు రక్షించునని ఎవరును నమ్మియుండరాదు.

బాకీ బదిలీ మన దేశమునందును కలదు. కాని యది సామాన్యముగా ఒక కార్డు బాకీని మఱియొక కార్డునకు మార్చుటకే ఉద్దేశింపబడినది. పొలముపై తీసిన ఋణము తీర్చుటకు గాదు.

దీనికి భిన్నమైన బదిలీ యొకటి గలదు. గృహఋణమును హెచ్చు వడ్డీ గల బ్యాంకునుండి తక్కువ వడ్డీ గల బ్యాంకునకు మార్చుకొనుట యది. మాఱుచుండు వడ్డీరేటుతో వ్యక్తులు తీసికొన్న గృహఋణమును ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా గైకొనరాదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించినది. ఈ బదిలీలో వడ్డీ తగ్గును, తీర్చు గడువు మాత్రము దీర్ఘముగనే యుండును. క్రొత్త బ్యాంకు కోరు రుసుములను లెక్కించి, మిగులున్నయెడల దీనిని చేయవచ్చును.

భూమి తనఖా బ్యాంకులు నేర్పిన పాఠము

గడువు విషయము సహకారోద్యమమునకు క్రొత్త గాదు. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టముతో ఏర్పడిన సంఘములు ముఖ్యముగా కొద్దికాలపు ఋణముల నిచ్చెడివి. విత్తనములకును, ఎరువులకును అవి చాలెను. కాని తండ్రి తాతలనాటి తనఖాలను ఒక్క పంటతో తీర్చుట అసాధ్యమయ్యెను. ఆ కొఱత తీర్చుటకే మద్రాసులో 1929లో కేంద్ర భూమి తనఖా బ్యాంకు స్థాపింపబడెను. 1934లో తత్సంబంధమైన చట్టము వచ్చెను. నాడు మద్రాసు రాజధానిలో నుండిన కోస్తా, రాయలసీమ జిల్లాలకును అది వర్తించెను. ఆ బ్యాంకు డిబెంచర్లద్వారా దీర్ఘకాలపు నిధులు సేకరించెను. రైతు తన పాత అప్పులను తీర్చి, క్రొత్త ఋణమును ఏటేట పంటలనుండి కొద్దికొద్దిగా చెల్లించుట దాని పద్ధతి.

ఆ పద్ధతియందు కొద్దికాలపు అప్పును దీర్ఘకాలపు అప్పుగా మార్చిరి. కార్డు యుక్తి దీర్ఘకాలపు అప్పును కొద్దికాలపు అప్పుగా మార్చుచున్నది. వడ్డీ తగ్గుట రెండింటను కనబడును. కాని మొదటిది రైతు నడకకు సరిపడునది, రెండవది అతనిని పరుగెత్తించునది.

కిసాన్ కార్డుతో తనఖా తీర్చుట

ఈ ప్రమాదము మనకు దూరమైనది గాదు. 1998లో ఏర్పడిన కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయలవఱకు పంట ఋణము 7 శాతము వడ్డీకి లభించుచున్నది. గడువులో చెల్లించినవానికి మఱి 3 శాతము తగ్గి, 4 శాతమే పడును. ఈ ఏర్పాటు 2025-26 సంవత్సరమునకును కొనసాగింపబడినది. భూమిపై 11 శాతము వడ్డీకి 2,00,000 రూపాయల దీర్ఘకాల ఋణము గల రైతు, కార్డు సొమ్ముతో దానిని తీర్చినయెడల సాలుకు 14,000 రూపాయలు మిగులునని కాగితముపై కనబడును.

ఇప్పుడు పొలములోనికి పోయి చూతము. పంట పెట్టుబడికి ఉంచిన సొమ్ము తనఖాకు పోయెను. విత్తనములు, ఎరువులు, కూలి ఖర్చులకై 2,00,000 రూపాయలు బయట నూటికి రెండు రూపాయల వంతున ఆఱు నెలలకు తెచ్చినయెడల వడ్డీ 24,000 రూపాయలు. మిగిలినది 14,000, పోయినది 24,000. ఎరువుల వ్యాపారివద్ద అరువు తెచ్చినయెడల పంటను అతనికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసిరావచ్చును. ఏడాది తిరుగుసరికి దీర్ఘకాల ఋణమున నొక వాయిదా మాత్రము కట్టవలసినవాడు 2,00,000 రూపాయలను ఒక్కమాఱుగా కట్టవలెను. కట్టి తిరిగి తీసికొనుటకై కొన్ని దినములకు చేబదులు తెచ్చిన, దానికిని వడ్డీయే. గడువు తప్పినచో 3 శాతము తగ్గింపు పోవును. పైగా పంట ఋణమును ఇతర పనులకు వాడుట ఋణపు షరతులకు విరుద్ధము.

సభ్యులు గమనింపవలసినవి

1. అప్పు మార్చుటకు ముందు వడ్డీతో పాటు గడువును, రుసుమును, జామీనును నాలుగు వరుసలలో కాగితముపై వ్రాసి చూడుడు.

2. క్రొత్త అప్పు ఏ నెలలో తీఱవలెనో, ఆ నెలలో ఏ పంట సొమ్ము చేతికి వచ్చునో సరిపోల్చుడు. సరిపోలని అప్పు ఎంత చౌకయైనను వలదు.

3. పంట ఒక్కసారి పోయినను వాయిదా కట్టగలరేమో యోచింపుడు.

4. పంట సొమ్మును తనఖాకు, కార్డు సొమ్మును పంటకు వాడకుడు.

5. మంచి పంట వచ్చిన యేట మిగులులో కొంత తనఖా అసలుకు కట్టుడు. ముందుగా కట్టుటకు జరిమానా గలదేమో ముందే అడుగుడు.

6. తనఖా తీఱిన పిమ్మట అసలు దస్తావేజులను వెంటనే తీసికొనుడు. 2023 డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశముప్రకారము ఋణము పూర్తిగా తీఱిన 30 దినములలో బ్యాంకు వానిని తిరిగి ఈయవలెను. తన తప్పున ఆలస్యమైనయెడల దినమునకు 5,000 రూపాయల వంతున పరిహార మీయవలెను. పిదప రిజిస్ట్రారు కార్యాలయమున ఈసీ తీయించి, తనఖా తొలగినట్లు నమోదైనదో లేదో చూచుకొనుడు.

అప్పు మార్పిడిపై సందేహము గల సభ్యులు చేవ్రాలు చేయుటకు ముందే పత్రములతో సంఘ కార్యదర్శిని కలిసికొని, పైని చెప్పిన లెక్కను తమ అంకెలతో వేయించుకొందురుగాక. అర్ధగంట పని యది; దానిపై ఆధారపడియున్నది పొలము.