ట్యాపెట్ చప్పుడు ఆపబోయి వాల్వు కాల్చుకోవద్దు

వరి పొట్ట దశలో ఉన్నప్పుడు తడి తప్పితే కంకికి తాలు గింజలే మిగులుతాయి. కరెంటు అందని పొలాలకు, కాలువ చివరి భూములకు అప్పుడు షెడ్డులోని పాత ఆయిలు ఇంజనే దిక్కు. ఎంత హ్యాండిల్ కొట్టినా అది అందుకోకపోతే? డీజిలు, నాజిల్ బాగానే ఉంటే ఒకసారి ట్యాపెట్లు చూసుకోండి.

ఖాళీ ఎందుకు?

క్యామ్ షాఫ్టు తిరిగేటప్పుడు పుష్ రాడ్ పైకి లేస్తుంది. అది రాకర్ ఒక కొనను నెడితే, రెండో కొన వాల్వును నొక్కి తెరుస్తుంది. ఇంజను వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది. అందుకే రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య సన్నని ఖాళీ ఉంచుతారు.

ఖాళీ ఎక్కువైతే టక టక మని చప్పుడొస్తుంది. వాల్వు ఆలస్యంగా తెరుచుకుని ఇంజను బలం తగ్గుతుంది. పుష్ రాడ్ కొనలు అరుగుతాయి. ఆ చప్పుడు పోవాలని చాలామంది స్క్రూ బిగించేస్తారు. అసలు ముప్పు అక్కడే ఉంది. వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది. ఎగ్జాస్టు వాల్వు సీటుకు ఆనితేనే దాని వేడి హెడ్డులోకి దిగుతుంది. ఆనకపోతే అంచు కాలిపోతుంది. ఇక హెడ్డు విప్పాల్సిందే. కాస్త చప్పుడున్నా ఫరవాలేదు గానీ బిగుతు పనికిరాదు.

ఇలా సరిచేయండి

ఇంజను పూర్తిగా చల్లారాలి. బెల్టు తీసి, డీజిలు ఆపేయండి. హెడ్డు నట్లు వదులుగా ఉంటే ముందు వాటిని బిగించండి. తర్వాత బిగిస్తే ట్యాపెట్ ఖాళీ మారిపోతుంది.

డీకంప్రెషన్ లివర్ లేపి, ఫ్లైవీలును అది తిరిగే దిక్కుకే చేత్తో తిప్పండి. ఇన్‌లెట్ వాల్వు కిందికి దిగి మళ్లీ పైకి వచ్చాక, సుమారు అర చుట్టు తిప్పి ఫ్లైవీలు గుర్తు కలపండి. ఇప్పుడు లివర్ తప్పక దించాలి. లేకుంటే ఎగ్జాస్టు వాల్వు ఖాళీ తప్పుగా కనిపిస్తుంది. ఈ స్థితిలో రెండు పుష్ రాడ్లూ వేళ్లతో తిరగాలి. గుర్తు సరిగా కలిసినా ఒకటి తిరగకపోతే ఆ ట్యాపెట్ బిగుతుగా ఉన్నట్టే.

లాక్ నట్టు వదులు చేసి, ఫీలర్ గేజి పెట్టి స్క్రూ తిప్పండి. గేజి కొద్దిగా పట్టుకుంటూ జారాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో ఖాళీ మారుతుంది. ఫ్లైవీలును రెండు చుట్లు తిప్పి ఇంకోసారి చూడండి.

నిమిషానికి 650 చుట్లు తిరిగే 6 హెచ్.పి. లిస్టర్ రకం ఇంజనుకు చల్లగా ఉన్నప్పుడు రెండు వాల్వులకూ 0.017 అంగుళం, అంటే 0.43 మి.మీ. ఖాళీ ఉండాలి. 1500 చుట్ల ఇంజన్లకు ఈ లెక్క వాడొద్దు. వాటి పుస్తకంలో ఉన్న కొలతే పెట్టండి. బ్లేడు ముక్కతో అంచనా వేయకండి.

పుష్ రాడ్ కూడా చూడండి

సరిచేసిన కొద్ది రోజులకే చప్పుడు మళ్లీ వస్తుంటే రాడ్లు తీసి గాజు పలక మీద దొర్లించండి. ఎగుడుదిగుడుగా దొర్లితే వంగినట్టే. సుత్తితో కొట్టి సరిచేయకుండా కొత్తది వేయండి. కొనలు గుంటలు పడినా మార్చాల్సిందే. బాగున్న వాటిని తుడిచి, కొనలకు ఆయిలు రాసి, ఏది ఎక్కడిదో అక్కడే పెట్టండి. రాకర్లకు ఆయిలు వేయడం మరవొద్దు.

నారు పోసే రోజుల్లోనే ఈ పని చేసుకోండి. పైరు ఎండుతున్నప్పుడు మెకానిక్కు దొరకడు.