బేస్‌మెంట్‌లో కరివేపాకు: లైటు కొన్నాం సరే, గాలి సంగతేంటి?

అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడ న్యూజెర్సీలో మన ఇళ్లలో కుండీల వలస మొదలవుతుంది. వేసవంతా డెక్ మీద ఏపుగా పెరిగిన కరివేపాకు, మల్లె, తులసి లోపలికి రావాల్సిందే. గడ్డకట్టే చలికి అవి తట్టుకోలేవు. ఇదివరకు అందరం కిటికీ పక్కన పెట్టి దేవుడి మీద భారం వేసేవాళ్లం. ఇప్పుడు చాలామంది బేస్‌మెంట్‌లో గ్రో టెంట్ వేసి ఎల్‌ఈడీ లైటు వేలాడదీస్తున్నారు. మా ఇంట్లోనూ నాలుగు చలికాలాలుగా అలాంటి టెంటే ఉంది.

ఈ కాలంలో నన్ను ఎవరు అడిగినా "ఏ లైటు కొన్నావు?" అనే అడుగుతారు. గాలి గురించి అడిగేవాళ్లు తక్కువ. మూసి ఉన్న టెంట్‌లో మొక్క బతకడం, చావడం ఎక్కువగా గాలి మీదే ఆధారపడుతుంది. పోతే ఇంకోటి తెచ్చుకుందాంలే అనుకోవడానికి కరివేపాకు అంత సులభంగా దొరకదు. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే రోగాన్ని మోసే సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల ఈ మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి.

ముందు ఒక మాట

ఈ టెంట్లు, ఫ్యాన్లు ఇంతగా మార్కెట్‌లోకి వచ్చింది ఎక్కువగా గంజాయి పెంచేవాళ్ల వల్లే. అందుకే వాటి గురించి చదవబోతే అన్నీ ఆ మాటలే కనిపిస్తాయి. కంగారు పడకండి. టెంట్ కొనడం, అందులో కరివేపాకు పెంచడం ఏమాత్రం తప్పు కాదు. గంజాయి సంగతి వేరు. న్యూజెర్సీలో పెద్దవాళ్లు లైసెన్సున్న షాపులో కొనుక్కోవచ్చు గానీ ఇంట్లో పెంచడం నేరమే. పైగా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు కాబట్టి వీసా, గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ దారిలో ఉన్నవాళ్లకు అది పెద్ద చిక్కు. మనకు కావలసింది వాళ్ల పరికరాలు, వాటి వెనకున్న ఫిజిక్స్ మాత్రమే.

రెండు లెక్కలు

టెంట్‌లోకి రెండు వస్తాయి: కరెంటు, నీళ్లు. రెండూ ఏదో ఒక రూపంలో బయటికి పోవాలి.

లైటు తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం చివరికి వేడిగానే మిగులుతుంది. మొక్క ఆహారం కోసం దాచుకునే శక్తి చాలా కొంచెం. 100 వాట్ల ఎల్‌ఈడీ అంటే గంటకు 341 బీటీయూల వేడి. ఎల్‌ఈడీ చల్లగా ఉంటుందన్నది సగం నిజమే. అదే వెలుతురుకు పాత బల్బు కన్నా తక్కువ వాట్లు తీసుకుంటుంది, అంతే. తీసుకున్న వాటు మాత్రం వేడి అవుతుంది.

నీళ్లదీ అంతే. మొక్క తాగిన నీటిలో తన ఒంట్లో ఉంచుకునేది చాలా తక్కువ. మిగిలినది ఆకుల నుంచి ఆవిరై పోతుంది, మట్టి నుంచి మరికొంత పోతుంది. రోజుకు అర లీటరు పోస్తే దాదాపు ఆ అర లీటరూ టెంట్ గాలిలోకి చేరుతుంది.

ఇప్పుడు ఫ్యాను సంగతి. ఫ్యాను నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలిని లాగుతుందో చెప్పే కొలత సీఎఫ్‌ఎం. వాట్లను 3.16తో హెచ్చవేసి, టెంట్‌కూ గదికీ మధ్య మీరు ఉండనిచ్చే తేడాతో భాగించండి. తేడా ఫారెన్‌హీట్ డిగ్రీల్లో ఉండాలి. బేస్‌మెంట్ 66, టెంట్ 76 అనుకుంటే తేడా 10. 100 వాట్ల లైటుకు 32 సీఎఫ్‌ఎం చాలు. డక్టు, వంపులు కొంత బలాన్ని తినేస్తాయి కాబట్టి కాస్త పెద్ద ఫ్యాను కొని నెమ్మదిగా తిప్పడం మేలు. చప్పుడూ తక్కువ.

మరి తేమకు? అదే బేస్‌మెంట్ గాలిలో తేమ 35 శాతం, టెంట్‌లో 55 శాతం ఉండాలనుకుందాం. రోజుకు అర లీటరు నీటిని మోసుకుపోవడానికి 2 సీఎఫ్‌ఎం గాలి సరిపోతుంది. వేడికి 32, తేమకు 2! అసలు చిక్కంతా ఈ తేడాలోనే ఉంది. లైటు వెలిగినంతసేపూ ఫ్యానును గట్టిగా తిప్పితే వేడితో పాటు తేమ కూడా కొట్టుకుపోతుంది. గాలి ఎండిపోతుంది, ఆకు కొసలు మాడతాయి, పొడిగాలి అంటే ఇష్టపడే ఎర్రనల్లి చేరుతుంది.

అందుకే పగలు ఫ్యానును థర్మోస్టాట్‌కు కలపండి. టెంట్ 80 దాటినప్పుడే వేగం పెరిగేలా పెట్టండి. ఇవి వేడి ప్రదేశాల మొక్కలు, ఆ మాత్రం వేడికి ఏమీ కావు. లైటు కూడా అవసరానికి మించి కొనకండి. ఎక్కువ వాట్లు అంటే ఎక్కువ ఫ్యాను, ఎక్కువ ఫ్యాను అంటే ఎక్కువ పొడి.

లైటు ఆరాకే అసలు ప్రమాదం

చాలామంది లైటుకు, ఫ్యానుకు ఒకే టైమర్ పెడతారు. లైటుతో పాటు ఫ్యానూ ఆగిపోతుంది. చల్లటి గాలి తక్కువ ఆవిరిని పట్టుకోగలదు. 77 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి, ఒక్క చుక్క నీళ్లు కలవకపోయినా, 63కి చల్లబడితే 95 శాతం దగ్గరకు వెళ్తుంది. ఆకుల మీద, టెంట్ గుడ్డ మీద చెమ్మ పడుతుంది. తులసికి బూజు పట్టేది ఇలాంటి రాత్రుళ్లలోనే. కాబట్టి రాత్రి ఫ్యానును అన్నిటికన్నా తక్కువ వేగంలో తిరగనివ్వండి. నీళ్లు కూడా పొద్దున లైటు వెలిగినప్పుడే పోయండి, రాత్రి పడుకోబోయే ముందు వద్దు.

గాలి దారి

గాలి కింద నుంచి వచ్చి పై నుంచి పోవాలి. వేడిగాలి పైకి లేస్తుందని తెలిసిందే. తేమగాలి కూడా పొడిగాలి కన్నా తేలికే, ఎందుకంటే నీటి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కన్నా తేలిక. కింది గుడ్డ కిటికీలు తెరిచి ఉంచండి. ఫ్యాను తిరుగుతున్నప్పుడు టెంట్ గోడలు కొంచెం లోపలికి వంగితే గాలి సరైన దారిలో పోతున్నట్టే. బాగా పీక్కుపోతే కింద దారి చాలట్లేదని అర్థం. లోపల ఇంకో చిన్న ఫ్యాను ఆకులు మెల్లగా కదిలేలా ఉంటే ఆకుల చుట్టూ తేమ నిలబడదు. వాసనకు వాడే కార్బన్ ఫిల్టర్ మనకు అక్కర్లేదు. డబ్బు మిగులుతుంది, గాలికి అడ్డూ ఉండదు.

ఆ గాలిని ఎక్కడ వదలాలి?

చలికాలంలో ఇంట్లోకే వదలొచ్చు. బయట 32 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి ఇంట్లోకి వచ్చి 70కి వేడెక్కితే, దానిలో తేమ 20 శాతం దగ్గరకు పడిపోతుంది. మన పెదవులు పగిలేది అందుకే. టెంట్ వదిలే తేమ ఆ ఇంటికి మేలే చేస్తుంది. అయితే ఇంట్లో కూడా ఒక తేమ మీటరు పెట్టండి. ఇక్కడి ఈపీఏ 30 నుంచి 50 శాతం మంచిదనీ, 60 దాటనివ్వద్దనీ చెబుతుంది. కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతుంటే 50 కన్నా ముందే ఆపాలి. గోడల్లో మోల్డ్ పడితే, ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే, కరివేపాకు కోసం చాలా పెద్ద మూల్యం కట్టినట్టే.

డక్టును బయటికి పెట్టాలనుకుంటే ముందు బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ గానీ, ఫర్నేస్ గానీ ఉందేమో చూడండి. ఫ్యాను గాలిని బయటికి తోసేస్తే ఆ లోటును ఇల్లు ఎక్కడి నుంచో పూడ్చుకోవాలి. పాత పద్ధతి హీటర్ అయితే పొగగొట్టం నుంచే వెనక్కి లాగొచ్చు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. ఇలాంటి ఇంట్లో హెచ్‌వీఏసీ వాళ్లకు చూపించకుండా బయటికి డక్టు పెట్టొద్దు. అలారం తప్పనిసరి. డ్రైయర్ గొట్టానికి కలపడం అసలే వద్దు.

జూన్ వచ్చాక లెక్క తారుమారవుతుంది. బయట 86 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజు బేస్‌మెంట్ కిటికీలు తెరిస్తే, 75 కన్నా చల్లగా ఉన్న ప్రతి గోడ మీదా నీళ్లు పడతాయి. అప్పుడు కిటికీలు మూసి డీహ్యుమిడిఫయర్ పెట్టాలి, మొక్కల్ని డెక్ మీదికి పంపాలి.

చలికాలంలో కరివేపాకు కొన్ని ఆకులు రాల్చడం మామూలే. కానీ ఎక్కువగా రాలుస్తుంటే వెంటనే చెంబు ఎత్తకండి. మధ్యాహ్నం ఒకసారి, లైటు ఆరిన గంటకు ఒకసారి మీటరు చూడండి. చాలాసార్లు అది అడుగుతున్నది నీళ్లు కాదు, గాలి.