జావా చుట్టూ కంపెనీల పోరు

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావా అనే ప్రోగ్రామింగ్ భాషను విడుదల చేసింది. ఒకసారి రాసిన ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్‌లోనైనా నడవాలన్నది దాని సూత్రం. అలా నడిస్తే మైక్రోసాఫ్ట్ విండోస్ తప్పనిసరి కాదు. లైసెన్సు తీసుకున్న మైక్రోసాఫ్ట్, విండోస్‌లోనే పనిచేసే హంగులను తన జావాకు జోడించింది. 1997లో సన్ కోర్టుకెక్కింది. 2001లో 2 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఈలోగా, 2000లోనే, మైక్రోసాఫ్ట్ సొంత భాష సి షార్ప్‌ను ప్రకటించింది.

2010లో సన్‌ను కొన్న ఒరాకిల్, తన ఆండ్రాయిడ్‌లో జావా కోడ్ వాడిందంటూ గూగుల్‌పై దావా వేసింది. వివాదం సుమారు 11,500 కోడ్ పంక్తులపైనే. 2021లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ పక్షాన తీర్పిచ్చింది. అప్పటికే ఆండ్రాయిడ్‌లో కోట్లిన్ అనే మరో భాషకు పెద్దపీట దక్కింది. జావాలో వాక్యం చివర తప్పని సెమీకోలన్ అందులో అక్కర్లేదు. పాత జావా కోడ్‌తో మాత్రం కోట్లిన్ ఇట్టే కలిసిపోతుంది.