గోమార్ల కాలర్‌పై అనుమానాలు

కుక్క మెడకు కట్టే గోమార్ల కాలర్ చూడటానికి మామూలు పట్టీలాగే ఉంటుంది. నిజానికి అది నెలల తరబడి కొద్దికొద్దిగా పురుగుమందు వదిలే ప్లాస్టిక్. ఆ మందు చర్మం మీది జిడ్డు పొర వెంట మెడ నుంచి తోక దాకా పాకుతుంది. దాన్ని తాకిన గోమార్లు, బొచ్చులో గెంతే ఫ్లీ పురుగులు నరాలు దెబ్బతిని చస్తాయి. కుక్కకూ నరాలున్నాయి కదా అంటే, అక్కడ మోతాదు, శరీర తత్వం రెండూ అడ్డుపడతాయి. ఇమిడాక్లోప్రిడ్ అనే మందు పురుగుల నరాలను పట్టుకున్నంత గట్టిగా కుక్క నరాలను పట్టుకోదు. ఫ్లుమెత్రిన్ వంటి పైరెత్రాయిడ్ మందులను కుక్క కాలేయం త్వరగా విరిచేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి తక్కువ. అదే కోవకు చెందిన, కుక్కల కోసం చేసిన పర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీయగలిగేది ఇందుకే.

కాలర్ కట్టాక వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువగా వినిపించేవి మెడ దగ్గరివే: దురద, ఎర్రబడటం, బొచ్చు రాలడం, ఒక్కోసారి పుండు. వీటిలో కొన్నింటికి మందుతో సంబంధమే ఉండదు. బిగించి కట్టిన పట్టీ రాపిడి, స్నానం తర్వాత దాని కింద ఆరని తడి చాలు. నీరసం, తిండి మానడం, వాంతులు, విరేచనాలు మరో రకం. అరుదుగా వణుకు, తూలుడు, మూర్ఛ కూడా కనిపిస్తాయి. మెడ మీది పుండుకు కాలర్‌ను తప్పుపట్టడం తేలిక. ఒళ్లంతటికీ సంబంధించిన లక్షణాల దగ్గరే తీర్పు కష్టమవుతుంది.

ఎంత కష్టమో అమెరికాలో సెరెస్టో అనే కాలర్‌పై వివాదం చూపించింది. 10 శాతం ఇమిడాక్లోప్రిడ్, 4.5 శాతం ఫ్లుమెత్రిన్ ఉన్న ఈ కాలర్ మొదట బేయర్ కంపెనీది. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2012లో దీన్ని అనుమతించింది. 2020లో వ్యాపారం ఎలాంకో చేతికి వెళ్లింది. ఆ ఏడాది జూన్ నాటికి 75,000కు పైగా ఫిర్యాదులు అందాయని, వాటిలో దాదాపు 1,700 పెంపుడు జంతువుల మరణాలున్నాయని 2021 మార్చిలో పత్రికలు బయటపెట్టాయి. రాజా కృష్ణమూర్తి అధ్యక్షుడిగా ఉన్న ప్రతినిధుల సభ ఉపసంఘం కాలర్లను వెనక్కి తీసుకోమంది. ఎలాంకో ఒప్పుకోలేదు. కోట్లలో అమ్మిన సరుకుకు ఆ ఫిర్యాదుల శాతం స్వల్పమని వాదించింది.

ఏ అంకెనూ కాదనలేం, ఏ అంకెతోనూ తేల్చలేం. ఫిర్యాదు చేయడం యజమాని ఇష్టం. కుక్కకు జబ్బు చేసినా చెప్పనివాళ్లుంటారు, కాలర్‌తో సంబంధం లేని జబ్బునూ రాసేవాళ్లుంటారు. బజారులో తిరిగే నకిలీ కాలర్ల లెక్క వేరు. 2023 జులైలో ఈపీఏ సమీక్ష ముగించింది. సుమారు 1,400 మరణాల నివేదికలు పరిశీలిస్తే, చాలావాటిలో కారణం తేల్చడానికి వివరాలే లేవు. కాలర్‌కు గట్టిగా ముడిపెట్టగలిగిన కొద్ది మరణాల్లో కారణం మందు కాదు. కాలర్ దేనికో తగులుకున్నప్పుడు ఊడాల్సిన కొక్కెం ఊడక మెడ బిగుసుకుపోయింది. చివరకు అనుమతిని ఐదేళ్లకు కుదించి, లేబుల్‌పై హెచ్చరికలు, మరింత వివరమైన నివేదికలు తప్పనిసరి చేశారు. ఆ సమీక్ష చాలదని 2024 ఫిబ్రవరిలో ఈపీఏ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే తప్పుపట్టింది. అమెరికాలో కాలర్ పురుగుమందుగా లెక్క, ఐరోపాలో పశువైద్య ఔషధం. పదేళ్లుగా పోగైన ఫిర్యాదుల్లో పనికొచ్చే వివరం అంత తక్కువగా ఉండటానికి ఈ తేడా కూడా ఒక కారణం కావచ్చు.

మన ఊళ్లలో దీనికి మరో చిక్కు తోడవుతుంది, అది గోమార్ల నుంచి సోకే టిక్ ఫీవర్. గోమారి కుట్టాక వాటిలో ఒకటైన ఎర్లికియా జ్వరం బయటపడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. యజమాని కాలర్ కొనేది చాలావరకు గోమార్లు కంటబడ్డాకే. అంటే కాలర్ కట్టిన పది రోజులకు కుక్క నీరసించి తిండి మానేస్తే, ఆ జబ్బు కాలర్‌కు ముందే ఒంట్లో చేరి ఉండవచ్చు. రక్తపరీక్ష చేయించకుండా కాలర్‌ను తిట్టి ఊరుకుంటే అసలు రోగం ముదురుతుంది. అదే వారంలో గోమార్లను చంపే అమిట్రాజ్ మందు కలిపిన నీళ్లతో స్నానం చేయించి ఉంటే అనుమానితులు ముగ్గురవుతారు. అందుకే పశువైద్యులు ముందు తేదీలు అడుగుతారు: కాలర్ ఎప్పుడు కట్టారు, లక్షణం ఎప్పుడు మొదలైంది, తీసేశాక తగ్గిందా, వేరే మందులేమైనా వాడారా. తీసేస్తే తగ్గి, మళ్లీ కడితే తిరగబెట్టడం బలమైన ఆధారమే. అయితే పరీక్ష కోసం మళ్లీ కట్టడం తగదు.

మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు, ఉండే ముప్పు వేరే విషయం. ప్రొపాక్సర్ అనే పురుగుమందు ఉన్న పెంపుడు జంతువుల కాలర్లు పిల్లల ఆరోగ్యానికి మంచివి కావన్న అంచనాతో, 2014లో అమెరికాలో తయారీదారులు వాటిని ఆపేయడానికి ఒప్పుకున్నారు. మన పెట్ షాపుల్లో దొరికే కిల్టిక్స్ కాలర్‌లో ఉండేది ప్రొపాక్సర్, ఫ్లుమెత్రిన్. కుక్కను కావలించుకుని పడుకునే పసిపిల్లలున్న ఇంట్లో కొనేముందు లేబుల్ చదవడం అవసరం.

కాలర్ కట్టేటప్పుడు కింద రెండు వేళ్లు దూరేంత వదులుండాలి, మిగిలిన కొసను కత్తిరించి పారేయాలి. లేదంటే కుక్కే దాన్ని నమిలేస్తుంది. లేబుల్‌పై రాసిన వయసుకంటే చిన్న కూనకు కట్టకూడదు. తేడా కనిపిస్తే వెంటనే తీసేసి, మెడను, బొచ్చును సబ్బుతో కడిగి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. కాలర్ ముక్క మింగిందని తెలిస్తే ఇంట్లో వాంతి చేయించకూడదు. ప్యాకెట్‌ను వెంట తీసుకెళ్లాలి, ఎందుకంటే ఏ మందో తెలియకుండా విరుగుడు ఇవ్వలేరు. ప్రొపాక్సర్ విషానికి అట్రోపిన్ వాడతారు. అమిట్రాజ్ అయితే కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె వేగం తగ్గుతుంది, దానికి యోహింబిన్ లేదా అటిపమిజోల్ వాడతారు. పైరెత్రాయిడ్లకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. మందు ప్రభావం దిగేదాకా వణుకును, మూర్ఛను అదుపులో ఉంచడమే వైద్యం.