ఫ్యూజు బాక్సు కాలింది... జీతానికి ఎసరొచ్చింది!

“అన్నా... బండి లేస్తలేదు. లైట్లు సుత ఆరిపోయినయ్. ముందట నుంచి ఏదో కాలిన వాసనొస్తుంది.”

2023 ఆగస్టులో ఒక రాత్రి పదకొండున్నరకు మా రూముకు వచ్చిన ఫోను ఇది. చేసింది జగిత్యాల తమ్ముడు. దమ్మామ్ నుంచి హఫూఫ్ వెళ్లే దారిలో, బఖీఖ్ దాటాక కంపెనీ డీజిల్ పికప్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంజను, హెడ్‌లైట్లు, చివరికి ప్రమాద సూచిక లైట్లు కూడా ఒక్కసారే చచ్చాయి. పక్క నుంచి ట్రైలర్లు గాలి కోసుకుంటూ పోతున్నాయి. తమ్ముడు ఎలాగో బండిని రోడ్డు దింపి, త్రికోణం బోర్డు పెట్టి, సెల్‌ఫోను టార్చితో బానెట్ ఎత్తి చూశాడు. బ్యాటరీ పక్కనున్న నల్ల డబ్బా ఒక మూల కరిగి, కారిన కొవ్వొత్తిలా ఉంది.

మర్నాడు బండిని తాళ్లతో లాక్కొచ్చారు. కంపెనీ వాళ్లు పంపిన వర్క్‌షాపు మనిషి రెండు నిమిషాలు చూసి, “ఫ్యూజు బాక్సు మొత్తం పోయింది, కొత్తది వేయాలి” అని చీటీ రాసిచ్చాడు. కూలీతో కలిపి 2,400 రియాళ్లు! డ్రైవరు వైరింగు కెలికాడు, పెద్ద ఫ్యూజులు పెట్టాడు, అందుకే కాలింది అన్నది మేనేజరు మాట. రెండు నెలల్లో 1,200 చొప్పున కోస్తామన్నారు. తమ్ముడి జీతం 1,500. నవంబర్‌లో చెల్లె పెళ్లి.

“నేనేం చేయలేన్నా, ఒట్టు” అని తప్ప పాపం ఇంకో మాట లేదు వాడి దగ్గర.

ఒట్టు పెడితే మేనేజరు వింటాడా? కంటికి కనబడే ఆధారం కావాలి. మా రూములో ఆటో ఎలక్ట్రీషియను పని తెలిసిన రాయచోటి అన్న ఉన్నాడు. ఆయన ముందు చేయించిన పని, ఆ డబ్బాను ఎవరూ ముట్టుకోకుండా అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించడం. “విప్పినాక ఎవురు ఏం చెప్పినా చెల్లుతాది. విప్పకముందే తీయండబ్బా” అన్నాడు. ఆ మాటే తర్వాత తమ్ముణ్ని కాపాడింది.

ఏముంది ఆ డబ్బాలో?

బ్యాటరీ పాజిటివ్ నుంచి వచ్చే లావు కేబులు నేరుగా ఈ డబ్బాలోని ఒక బోల్టుకు బిగుస్తుంది. మనవాళ్లు డైనమో అని పిలిచే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటు కూడా ఇక్కడికే చేరుతుంది. ఇక్కడి నుంచి పెద్ద ఫ్యూజుల గుండా కొంత, చిన్న ఫ్యూజులు, రిలేల గుండా కొంత బండంతా పంచుకుపోతుంది. డీజిల్ బండి కాబట్టి హీటర్ ప్లగ్గులకు ప్రత్యేకంగా ఒక పెద్ద ఫ్యూజు ఉంటుంది. తాళం తిప్పగానే నాలుగు ప్లగ్గులూ కలిసి పదుల ఆంపియర్లు లాగుతాయి మరి.

పాత తరం డీజిల్ ఇంజన్లు ఒకసారి లేచాక, ఆపే సోలినాయిడ్‌కు కరెంటు అందుతున్నంత సేపు మిగతా వైరింగుతో పని లేకుండా నడిచేవి. ఇప్పటి కామన్ రైల్ బండ్లు అట్లా కాదు. కంప్యూటరుకు కరెంటు అందకపోతే ఇంజెక్టర్లు డీజిల్ చిమ్మవు. అందుకే ఆ రాత్రి బండి నడుస్తూ నడుస్తూనే ఆగింది.

ఫ్యూజులకు రంగు లెక్క ఉంది. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, తెల్లగా పారదర్శకంగా ఉన్నది 25, ఆకుపచ్చ 30. డబ్బా మూత లోపల ఏ గుంటలో ఏది ఉండాలో బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ పక్కన పెట్టుకుని ఒక్కో ఫ్యూజూ చూశాం. అన్నీ ఎక్కడివక్కడే, సరైన రంగులోనే ఉన్నాయి. ఇంకో వింత, ఒక్క ఫ్యూజు కూడా పోలేదు!

డబ్బా కాలిపోతే ఫ్యూజు పోకపోవడమేంటని మాకూ అనుమానమొచ్చింది. రాయచోటి అన్న కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఫ్యూజు పోవాలంటే కరెంటు హద్దు దాటాలి. వదులు నట్టు దగ్గర కరెంటు పెరగదు, వేడి పెరుగుతుంది. వంద ఆంపియర్లు పోయే చోట ఓమ్‌లో వందో వంతు నిరోధం చేరినా 100 వాట్ల వేడి పుడుతుంది. అంటే ప్లాస్టిక్ డబ్బాలో వంద క్యాండిల్ బల్బు వెలిగించి మూత పెట్టినట్టే. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పట్టు ఇంకా సడలుతుంది, ఇంకా వేడెక్కుతుంది. ఫ్యూజుకు ఈ సంగతే తెలియదు.

మరి నట్టు ఎందుకు వదులైంది? ఫొటోలు పెద్దవి చేసి చూస్తే దొరికింది. ఆ బోల్టు మీద కంపెనీ లగ్గుతో పాటు ఇంకో రెండు చవక రకం లగ్గులు దూర్చి ఉన్నాయి. ఒకటి నెత్తి మీది పసుపు తిరుగుడు లైటుది, రెండోది వెనక పని లైట్లది. వాటికి విడిగా ఫ్యూజు కూడా లేదు. మూడు లగ్గులు ఒకదాని మీద ఒకటి కూర్చోవడంతో నట్టుకు పట్టిన మరలు రెండో మూడో. సైటు రోడ్ల కుదుపులకు అది ఎన్నాళ్లు ఆగుతుంది? దానికి తోడు ఈ తీరప్రాంతపు ఉప్పు తేమకు లగ్గుల కింద పచ్చగా చిలుము పట్టింది.

ఆ లైట్లు పెట్టించింది కంపెనీయే. బండి కాగితాల్లోనే బిల్లు దొరికింది, 2023 మార్చిది. తమ్ముడి చేతికి ఆ బండి వచ్చింది మే నెలలో!

బాక్సు వేట

బిల్లు చూపించాక మేనేజరు గొంతు కొంచెం తగ్గింది గానీ, 2,400 ఖర్చు పెట్టడానికి కంపెనీకీ మనసొప్పలేదు. పాత బాక్సు తెచ్చి మేమే బిగిస్తామన్నాం. వాట్సాప్‌లో ఆయనతో ‘సరే’ అని రాయించుకున్నాకే పానా పట్టాం. కంపెనీ బండి మీద నోటిమాట అనుమతితో చెయ్యి వేయడం ఎంత ప్రమాదమో ఇక్కడ పనిచేసే వాళ్లకు మేము చెప్పక్కర్లేదు.

పాత బండ్లు విప్పి సామాను అమ్మే చోటుని ఇక్కడ తష్లీహ్ అంటారు. మొదటి శుక్రవారం తెచ్చిన బాక్సు అచ్చం మాదానిలాగే ఉంది. తిప్పి చూస్తే హీటర్ ప్లగ్గుల ఫ్యూజుకు చోటే లేదు. అది పెట్రోలు బండిది! ఒక పూట దండగ. అందుకని కొనేముందు పాతదాన్ని చేతిలో పట్టుకుని పోవాలి. అడుగున ఉన్న నంబరు, ఇంజను రకం, గేరు రకం, కింది కనెక్టర్ల లెక్క, వాటి ఆకారం అన్నీ కలవాలి. రెండోసారి 350 రియాళ్లకు సరైనది దొరికింది.

బిగించిన తీరు

ఆగస్టు ఎండలో బానెట్ కింద చెయ్యి పెట్టలేం కాబట్టి అస్ర్ నమాజు అయ్యాక మొదలుపెట్టాం. ముందు బ్యాటరీ నెగటివ్ తీశాం. పాజిటివ్ ముందు తీస్తే, పానా పొరపాటున బాడీకి తగిలిందంటే నిప్పులే. కొన్ని డీజిల్ బండ్లకు రెండు బ్యాటరీలుంటాయి, అప్పుడు రెండింటి నెగటివ్‌లూ తీయాలి. తర్వాత పది నిమిషాలు టీ తాగుతూ కూర్చున్నాం. ఎయిర్‌బ్యాగులు, కంప్యూటర్లలో మిగిలిన కరెంటు దిగాలి కదా.

పైనున్న లావు కేబుళ్ల నట్లు విప్పి, డబ్బా పట్టీలు వదులు చేసి తిరగేస్తే అసలు పని కనిపిస్తుంది. అడుగున కనెక్టర్లు గుత్తులు గుత్తులుగా ఉంటాయి. ఒక్కోదానికి నొక్కే నాలుక ఉంటుంది. దాన్ని నొక్కి కనెక్టరు పట్టుకుని లాగాలే తప్ప వైరు పట్టుకుని లాగకూడదు. మేము ప్రతిదానికీ తెల్ల టేపు చుట్టి 1, 2, 3 అని రాసుకున్నాం. ‘గుర్తుంటాయిలే’ అనుకున్నవాళ్లు రాత్రి రెండింటి దాకా తల పట్టుకోవడం మేము చూశాం.

చాలామంది ఇక్కడే తొందరపడతారు. కొత్త బాక్సుకు పాత కాలిన లగ్గునే బిగిస్తే నెల తిరక్కుండా అదే కథ. కేబులు తొడుగు గట్టిపడి నల్లబడిన దాకా కోసేసి, లోపల రాగి మెరుస్తూ కనబడ్డాక కొత్త లగ్గు నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవు వేశాం. రెండు కనెక్టర్ల పిన్నులకు పట్టిన చిలుము స్ప్రే కొట్టి, సన్న బ్రష్షుతో గోకాం.

ఫ్యూజులు, రిలేలు మూత మీది బొమ్మ ప్రకారం మార్చాం. బ్యాటరీ తగిలించే ముందు మల్టీమీటరుతో బోల్టుకు, బాడీకి మధ్య షార్టు లేదని చూసుకున్నాం. పాజిటివ్ బిగించి, ఆఖరున నెగటివ్ పెట్టాం. తాళం తిప్పితే హీటర్ గుర్తు వెలిగి ఆరింది. సెల్ఫ్ కొట్టగానే బండి లేచింది. తమ్ముడు గట్టిగా ఈలేశాడు గానీ రాయచోటి అన్న “ఉండ్రా” అని ఏసీ, హెడ్‌లైట్లు అన్నీ వేయించి మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. బ్యాటరీ పాజిటివ్‌కు, బాక్సు బోల్టుకు మధ్య 0.08. ఆ రెండోది 0.2 దాటితే ఎక్కడో బిగింపు సరిగా లేనట్టే. అరగంట నడిపి వచ్చి చేత్తో తాకి చూశాం. ఇంజను వేడే తప్ప వేరే వేడి లేదు.

పసుపు లైటుకు, పని లైట్లకు బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే వాటి ఫ్యూజులు పెట్టాం. ఫ్యూజు ఉండేది లైటును కాపాడటానికి కాదు, వైరు తగలబడకుండా. దాన్ని తీసుకెళ్లి లైటు దగ్గర పెడితే మధ్యలో వైరుకు దిక్కెవరు? ఇక ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టే అలవాటు మనవాళ్లలో ఇంకా ఉంది. వాళ్లకు చెప్పేదొకటే, ఆ కాగితం బదులు బండినే ఫ్యూజుగా పెడుతున్నారు.

కోత సంగతి

సౌదీ కార్మిక చట్టం 91వ అధికరణ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. కార్మికుడి తప్పు వల్లో, యజమాని సూచనలు మీరడం వల్లో అతని అధీనంలోని యంత్రం పాడైతేనే మరమ్మతు ఖర్చు జీతంలో కోయవచ్చు. వేరొకరి తప్పయితే కుదరదు. కోసినా నెలకు ఐదు రోజుల జీతానికి మించరాదు. తమ్ముడి జీతానికి లెక్కేస్తే 250 రియాళ్లు. 1,200 కోస్తామన్న మాటే చెల్లదు. అభ్యంతరముంటే కార్మికుడు ఫిర్యాదు చేసుకునే హక్కూ ఉంది.

ఫొటోలు, మార్చి బిల్లు, ఈ అధికరణ అరబ్బీ ప్రతి తీసుకుని నలుగురం కలిసి ఆఫీసుకు వెళ్లాం. మేనేజరు చాలాసేపు చదివాడు. 2,400 మాట ఎత్తలేదు. కానీ బాక్సు ఖరీదు 350 మాత్రం రెండు నెలల్లో 175 చొప్పున పడుతుందని కాగితం ముందు పెట్టాడు. సంతకం పెట్టొద్దని మేము చెప్పాం. తమ్ముడు పెట్టేశాడు. సెలవు కాగితం కూడా అదే బల్ల మీద ఉంది మరి.

“పోనీ అన్నా, పెండ్లికి పోవాలె” అన్నాడు బయటికొచ్చాక.

నవంబర్‌లో వెళ్లాడు. డిసెంబర్‌లో వస్తూ ఒక డబ్బా సకినాలు తెచ్చాడు. ఇప్పుడు శుక్రవారం వస్తే బట్టలు ఉతుక్కునే ముందే బానెట్ ఎత్తి, తాళం తీసి, నెగటివ్ విప్పి ఆ నట్టు బిగువు చూసుకుంటాడు. పక్క రూముల డ్రైవర్లు మొదట నవ్వేవాళ్లు. పోయిన నెల అందులో ఒకతని బండిలోనూ ఆ బోల్టు మీద మూడు లగ్గులు బయటపడ్డాయి.