పల్లెటింటికి ఉపగ్రహ అంతర్జాలము: సఖినేటిపల్లి నుండి ఒక పరిశీలన

నరసాపురము రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరిని దాటినచో అవతలి గట్టున సఖినేటిపల్లి. ఆ ఊరికి దిగువన అంతర్వేది వద్ద నది సముద్రములో కలియుచున్నది. ఒక ప్రక్క ఏరు, ఒక ప్రక్క కడలి, నడుమ కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, లంక గ్రామములు. ఇట్టిచోట ఒక ఇంటికి అంతర్జాలమును ఏ మార్గమున తెచ్చుకొనవలెనన్న ప్రశ్న మా ఖాలా మూలమున మా ముందునకు వచ్చినది. ఆమె ఇల్లు సఖినేటిపల్లి లంక వైపున కొబ్బరితోట నడుమ ఉన్నది. పెద్దకుమారుడు కువైటులో ఉద్యోగము చేయుచున్నాడు. కుమార్తె డిగ్రీ చదువుచు, పోటీపరీక్షల పాఠములను సెల్‌ఫోనులో వినుచున్నది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురమునకు చేరువలో తీరము దాటినప్పుడు ఆ ఇంట కరెంటు, తీగ, సెల్ సిగ్నలు మూడును పోయినవి. నాలుగు దినముల వరకు తల్లి క్షేమము కుమారునికి తెలియలేదు. పిమ్మట మేము చూడబోయినప్పుడు ఆమె మొదట అడిగిన మాట ఇది: "ఆకాశంలోంచి వచ్చే నెట్టు ఒకటుందంట గదా బాబూ, అది పెట్టిస్తే తుఫానులో కూడా పనిచేస్తుందా? ఎంతవుద్ది?"

దీనికి అవుననియో కాదనియో ఒక్కమాటలో చెప్పుటకు వీలులేదు. భౌతికశాస్త్ర విభాగమునందలి మిత్రుల సాయముతో మేము కొంత చదివి, కొంత కొలిచి తెలిసికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాము. తెలుగు బోధించువారికి ఈ గొడవ ఎందుకని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. వారిలో చాలమంది ఇండ్లలోను ఈ ప్రశ్న ఉన్నదని మా నమ్మకము.

తెలుగు పల్లెకు ఉపగ్రహము క్రొత్త చుట్టము కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు 'సైట్' అను ప్రయోగములో అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు అందినవి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తెలుగులోను కార్యక్రమములు ప్రసారమైనవి. కోళ్ళగూటికి వాడునట్టి ఇనుప వలతో చేసిన పది అడుగుల గొడుగు ఆకాశమునకు ముఖము పెట్టి పంచాయతీ ముంగిట నిలిచినది. అయితే ఆనాడు పల్లె చూచినది, విన్నది; తిరిగి మాటాడలేదు. అంతర్జాలమునకు రాకయు పోకయు రెండును కావలెను. చిక్కంతయు అచ్చటనే ఉన్నది.

ఉపగ్రహములు ఈ పనికి రెండు ఎత్తులలో ఉన్నవి. మొదటివి భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున భూమితోపాటు తిరుగుచు మనకు కదలనట్లు కనిపించునవి. మన ఇస్రోవారి జీశాట్-11 2018లోను, జీశాట్-ఎన్2 2024 నవంబరులోను ఈ కక్ష్యకై ప్రయోగింపబడినవి. పెట్రోలు బంకుల మీద, ఏటీఎముల మీద కనిపించు గొడుగులు ఇట్టి ఉపగ్రహములనే చూచుచుండును. వీటి లోపము దూరము. మన ప్రశ్న పైకి పోయి క్రిందికి దిగుటకు దాదాపు 72,000 కిలోమీటర్లు, జవాబు వచ్చుటకు మరల అంత. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగమున పరుగిడినను అర సెకను దారిలోనే గడచిపోవును. పాఠము చూచుటకు, ఫారము నింపుటకు ఇది అడ్డు కాదు. ముఖాముఖి మాటాడునప్పుడు మాత్రము ఇద్దరును ఒకేసారి మాటాడి, ఒకేసారి ఆగి, "నువ్వు చెప్పు, నువ్వు చెప్పు" అనుకొనవలసి వచ్చును.

రెండవవి భూమికి చేరువగా తిరుగునవి. స్టార్‌లింక్ ఉపగ్రహములు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున, వన్‌వెబ్ ఉపగ్రహములు 1200 కిలోమీటర్ల ఎత్తున ఉన్నవి. వన్‌వెబ్ వారి ఉపగ్రహములను 36 చొప్పున 2022 అక్టోబరులోను, 2023 మార్చిలోను మన శ్రీహరికోట నుండియే పంపినారు. వారి సేవ ముఖ్యముగా సంస్థల కొరకు. గృహస్థునికి పనికివచ్చునది స్టార్‌లింక్ వంటిది. ఇందు జాప్యము సెకనులో ఇరవయ్యో వంతు, అంతకంటె తక్కువ. కాని ఈ ఉపగ్రహము ఒకచోట నిలువదు. కొద్ది నిమిషములలో తలపై నుండి దాటిపోవును. డాబా మీది పలక వెంటనే మరియొకదానిని పట్టుకొనవలెను. కనుక దానికి ఒక దిక్కున సందు ఉన్న చాలదు, నాలుగు దిక్కుల ఆకాశము కావలెను.

కోనసీమవారు ఆలోచింపవలసినది ఇచ్చటనే. మేము ఒక ప్రొట్రాక్టరుకు దారము, గులకరాయి కట్టి ఖాలా ఇంటి డాబా ఎక్కి కొలిచితిమి. ఈ పలక నడినెత్తి నుండి ప్రతి వైపునకు సుమారు 55 డిగ్రీల మేర చూచును. అనగా చుట్టునున్న ఏ వస్తువును క్షితిజరేఖ నుండి 35 డిగ్రీలకు మించి లేవరాదు. కొబ్బరిచెట్టు 60 అడుగులు, డాబా 12 అడుగులు అనుకొన్నచో చెట్టు పలకకంటె 48 అడుగులు ఎత్తు. అది అడ్డు రాకుండవలెనన్న దాదాపు 70 అడుగుల దూరములో ఉండవలెను. కోనసీమలో చెట్టునకు చెట్టునకు ఎడము ఇంచుమించు 25 అడుగులు! తోట నడుమనున్న ఇంటికి ఏ దిక్కునను ఆ వెసులుబాటు లేదు. చెట్టుతల అడ్డమైన ప్రతిసారి సంకేతము కొద్ది సెకన్లు తెగును. సినిమా చూచువానికి అది తెలియకపోవచ్చును. పరీక్ష వ్రాయు పిల్లకు, కొడుకుతో మాటాడు తల్లికి తెలియును.

దూరపు ఉపగ్రహమునకు ఈ బాధ తక్కువ. 83 డిగ్రీల తూర్పు రేఖాంశము మీది ఉపగ్రహము సఖినేటిపల్లి నుండి చూచినచో దక్షిణముగా సుమారు 70 డిగ్రీల ఎత్తున, ఇంచుమించు నెత్తిమీదనే ఉండును. దక్షిణమున అదే చెట్టు 18 అడుగుల దూరమున ఉన్నను అడ్డు కాదు. పల్లెలో అందరి ఇండ్లకును టీవీ గొడుగులు తోటల నడుమ చక్కగా పనిచేయుటకు కారణము ఇదే. వాటిని చూచి "టీవీ వచ్చుచున్నది గదా, నెట్టు రాకేమి" అనుకొనుట పొరపాటు.

ఇక తుఫాను మాట. కుండపోత వాన ఈ తరంగములను మ్రింగివేయును. గాలివాన ముమ్మరముగా ఉన్న గంటలలో ఉపగ్రహ సంకేతము నమ్మదగినది కాదు. కాని వాన వెలిసిన తరువాత దాని విలువ తెలియును. పలకను ముందుగానే విప్పి ఇంటిలో దాచి, మరునాడు మరల నిలబెట్టవచ్చును. స్తంభము లేపుటకు ఎవరును రానక్కరలేదు. కరెంటు మాత్రము కావలెను. ఈ పలక 75 నుండి 100 వాట్ల వరకు తినును. ఫైబరు పెట్టెకు పది వాట్లు చాలును. 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టరు బ్యాటరీలో సగము వాడుకొన్నచో పలక సుమారు ఎనిమిది నుండి పది గంటలు నడచును, అదియు ఫ్యాను కట్టివేసిన మాట. దినమునకు ఒక గంట చొప్పున వాడుకొన్న వారమునకు పైగా వచ్చును. క్షేమసమాచారమునకు అది చాలదా?

నేలమీది మార్గము మాటకు వచ్చినచో ఈ మండలమునకు ఒక విశేషము కలదు. ఇందలి మోరి గ్రామము, జీడిపప్పునకు పేరుపొందినది, 2016 డిసెంబరులో ఇంటింటికి ఫైబరు తీగ పొందిన తొలి పల్లెలలో ఒకటి. ఆ గ్రామ ప్రయోగములో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, బర్క్‌లీ వారును పాలు పంచుకొన్నారు. మరుసటి సంవత్సరము డిసెంబరు 27న రాష్ట్ర ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితము చేసినారు. నాటి కనీస నెలసరి రుసుము 149 రూపాయలు. వేగములో, ఖర్చులో, కరెంటు పొదుపులో తీగకు సాటి లేదు. అయితే ఆ తీగ విద్యుత్ స్తంభముల మీదుగా వచ్చినది. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కోనసీమ కొబ్బరి ఎట్లు నేలకూలినదో పెద్దలు నేటికిని చెప్పుదురు. చెట్టు స్తంభము మీద, స్తంభము తీగ మీద పడును. 2022 జూలైలో ధవళేశ్వరము వద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పటివలె లంకలు మునిగినచో మరమ్మతు మనిషి పడవలో రావలసినదే.

చట్టము మాట మరువరాదు. 2021లో స్టార్‌లింక్ మన దేశమున లైసెన్సు లేకయే ముందస్తు బుకింగులు తీసికొనగా, ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వము ప్రజలను హెచ్చరించినది. పిమ్మట సొమ్ము తిరిగి ఇచ్చిరి. 2025 జూన్‌లో టెలికాం శాఖ లైసెన్సు, జూలైలో ఇన్‌స్పేస్ అనుమతి వచ్చినవి. లైసెన్సు వచ్చుట వేరు, మన ఊరికి సేవ వచ్చుట వేరు. మన పిన్‌కోడునకు సేవ ఉన్నదని సంస్థయే చెప్పి, గుర్తింపు పత్రము చూచి, రసీదు ఇచ్చినప్పుడే డబ్బు కట్టవలెను. విదేశమునుండి వచ్చు బంధువు పెట్టెలో పలక తెచ్చెదననిన వద్దనవలెను. అనుమతి లేని పరికరము నేరమగును. ఆ చిక్కు అనుభవించునది తెచ్చినవాడు కాదు, ఇంటివారు.

ఇవన్నియు చెప్పి, ఖాలాకు మేము ఇచ్చిన సలహా ఇది. ఏడాది పొడుగున తీగయే వాడుకొనవలెను. దానికి తోడు ఏటి ఆవలి నరసాపురపు టవరు అందు సిమ్ము ఒకటి వేరొక సంస్థది ఉంచి, డాబా మీద చిన్న ఏంటెనా పెట్టవలెను. ఉపగ్రహ పలకను ఒక్క ఇంటికి కాక నాలుగు ఇండ్లవారు కలిసి కొనుట మేలు. చెట్ల నీడ పడని చోట, బడి మేడమీదనో మసీదు మేడమీదనో ఉంచినచో తుఫాను నాడు అందరికిని ఉపకరించును. చెరువుల గట్టున ఒంటరిగా ఉన్న ఇల్లు, తీగ రాని ఇల్లు, చుట్టును ఖాళీ ఆకాశము ఉన్న ఇల్లు అయినచో మా సలహా వేరుగా ఉండెడిది. అట్టి ఇంటికి దగ్గరి ఉపగ్రహమే సరియైనది.

ఆమె అంతయు విని, "మరి ఆ రెండు చెట్లు కొట్టించేస్తే మన డాబా మీదే పెట్టుకోవచ్చా?" అని అడిగినది. రెండు కాదు, తొమ్మిది కొట్టించవలెనని చెప్పితిమి. ఆమె లెక్క వేసినది: చెట్టునకు ఏడాదికి ఎనిమిది దింపులు. మరునాడే బడి మేడను అడుగుటకై పంచాయతీకి బయలుదేరినది.