వచ్చి పోయే ఎర్ర దీపం

సావనీరుకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం వారు అడిగితే, "నాకు కవిత్వం రాదు, కథలు అసలే రావు, కారు గురించైతే రాస్తాను" అన్నాను. "అదే రాయండి సార్" అన్నారు. కనుక ఈ వ్యాసంలో లోపాలుంటే సగం బాధ్యత వారిదే.

1988లో నేను ఫిజిక్సు విద్యార్థిని. మా ఊరు నాగర్‌కర్నూల్. 2016లో అది జిల్లా కేంద్రం అయింది గానీ, అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. మా నాన్న దగ్గర పాత మార్క్ 3 అంబాసిడర్ ఒకటి ఉండేది. ఆ ఏడు దానికో వింత జబ్బు పట్టుకుంది. డాష్‌బోర్డు మీద చార్జింగు ఎర్ర దీపం ఒకనాడు మిణుకుమనేది, మరునాడు ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. సెల్ఫ్ కొడితే ఒకసారి గిర్రున తిరిగేది, ఇంకోసారి ముసలి ఎద్దులా మూలిగేది. షెడ్డుకు తీసుకుపోతే మాత్రం, డాక్టరు గుమ్మం తొక్కగానే జ్వరం దిగినట్టు, బుద్ధిగా ఉండేది.

మిస్త్రీ ముందు బ్యాటరీ మార్చమన్నాడు. మార్చాం. తర్వాత డైనమో బ్రష్షులు. ఆ తర్వాత రెగ్యులేటరు పెట్టె, అంటే మన షెడ్లలో కటౌట్ అనేది. మార్చిన ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండేది, ఐదోనాడు దీపం మళ్ళీ పలకరించేది.

డిసెంబరులో ఒక రాత్రి మా అక్కకు నొప్పులు మొదలైతే మహబూబ్‌నగర్ బయలుదేరాం. బిజినేపల్లి దాటాక హెడ్‌లైట్లు పసుపు పచ్చబడ్డాయి, ఇంజను నాలుగుసార్లు తడబడి ఆగిపోయింది. ఆ చలిలో అరగంట నిలబడితే ఒక లారీ ఆయన దయతలచి అక్కను ఎక్కించుకున్నాడు. మేనల్లుడు క్షేమంగా పుట్టాడు. కానీ తెల్లారి నేను షెడ్డుకు పోయి, అందరి ముందూ, "దొంగ సామాను వేసినవు కాకా, మా అక్క పానం మీదికి తెచ్చినవు" అనేశాను. ఆ పెద్దాయన మారుమాట అనలేదు. చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టాడు, అంతే.

ఇక ఆ దీపం సంగతి. దానికి రెండు కొనలు. ఒకటి ఇగ్నీషన్ స్విచ్చి ద్వారా బ్యాటరీకి, రెండోది డైనమోకు. ఇంజను ఆగి ఉంటే డైనమో వైపు వోల్టేజి సున్నా. బ్యాటరీ నుంచి దీపం గుండా కరెంటు అటు పారుతుంది, దీపం వెలుగుతుంది. ఇంజను తిరిగి డైనమో వోల్టేజి బ్యాటరీకి సమానం కాగానే పారేదేమీ ఉండదు, ఆరిపోతుంది. మా ఊరి కేసరి సముద్రంలాంటి చెరువులు రెండింటిని తూముతో కలిపామనుకోండి. రెండింటి మట్టం ఒకటైతే తూములో నీళ్ళు కదలవు గదా! అంటే దీపం చెప్పేది ఒక్కటే మాట: "రెండు మట్టాలు సమానంగా లేవు" అని. డైనమో చెడిందని అది ఎన్నడూ చెప్పలేదు, మేం అనుకున్నాం. బెల్టు వదులైనా, బ్రష్షు అరిగినా, కటౌట్ పాడైనా, వైరు ఊడినా, ఎర్తు సరిగా లేకపోయినా అదే దీపం.

ఎర్తు అన్నానే, అక్కడే ఉంది మర్మం. కారులో ప్రతి దీపానికీ పోయే వైరు ఒకటే. తిరిగి వచ్చే దారి బాడీ ఇనుమే. కానీ ఇంజను కూర్చునేది రబ్బరు దిమ్మల మీద. రబ్బరులో కరెంటు పారదు. అందుకని ఇంజనుకూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. డైనమో, సెల్ఫ్ రెండూ ఇంజనుకు అంటిపెట్టుకున్నవే కాబట్టి రెండింటికీ ఆ పట్టీయే దిక్కు.

సంక్రాంతి సెలవుల్లో నేనొక నోటుపుస్తకం పెట్టాను. చలిజ్వరం ఏ పూట వస్తుందో రాసుకున్నట్టు, దీపం ఎప్పుడు వెలిగిందో రాశాను. హెడ్‌లైట్లు వేసినప్పుడే ఎక్కువ, గతుకుల్లో ఎక్కువ. సెల్ఫ్ మూలిగిన రోజూ, దీపం వెలిగిన రోజూ ఒకటే. రెండు జబ్బులకూ కారణం ఒకటే అయి ఉండాలి. ఒక పొద్దున సెల్ఫ్ మూలుగుతుండగా చోక్ తీగ మీద చెయ్యి పడింది. చుర్రుమంది! కరెంటుకు రాచబాట మూసుకుపోతే ఆ సన్నని తీగ గుండా ఇంటికి పోతోందన్నమాట.

మల్టీమీటరు తెచ్చి ఒక మొన బ్యాటరీ ఎర్తు కొన మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టి, తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. అర వోల్టు దాటకూడని చోట ముల్లు 4 వోల్టుల దగ్గర నిలిచింది. సెల్ఫ్ వంద ఆంపియర్లు లాగుతుందనుకుంటే నిరోధం 0.04 ఓము. ఊరికే ఓములు కొలిస్తే ఈ మీటరుకు అది సున్నాలాగే కనిపిస్తుంది. బరువు మీద ఉన్నప్పుడే, దోషం కళ్ళముందు ఉన్నప్పుడే కొలవాలి. మీటరు లేనివారు 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టి అక్కడే పెట్టండి. సెల్ఫ్ కొట్టినప్పుడు అది ఎర్రగా మిణుకుమంటే ఎర్తు చెడినట్టే.

కారు కిందికి దూరి పట్టీ విప్పాను. దాని కింద నల్లగా నిగనిగలాడే రంగు. ఆ రంగు ఎవరు వేశారో నాకు తెలుసు. వేసవిలో తుప్పు గీకి, ఎనామిల్ రెండు కోట్లు వేసి, దాని మీదే పట్టీ బిగించిన మహానుభావుణ్ణి నేనే! బోల్టు మరలు ఎంత తాకితే అంతే కరెంటు. అందుకే ఆ రాకపోకలు. రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాను. ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

షెడ్డుకు పోయి, అందరి ముందూ, తప్పు నాదేనని చెప్పాను. మిస్త్రీ కాసేపు ఆలోచించి, "సమజ్ కాకున్నా సామాన్ మార్చుడు నా తప్పే బిడ్డా. సూడకుండ మాటనుడు నీ తప్పు. ఇద్దరం సదువుకోవాలె" అన్నాడు. చాయ్ తెప్పించాడు. ఆ చాయ్ గొంతు దిగడం కష్టమైంది.

ఒక హెచ్చరిక. చార్జింగు దీపం వెలిగితే బెల్టు చూడండి. బెల్టు ఉంటే పగటిపూట కొంతదూరం పోవచ్చు. తెగితే నీళ్ళ పంపు కూడా ఆగుతుంది, ఆపేయాల్సిందే. ఆయిల్ దీపం వెలిగితే మాత్రం ఏ ఆలోచనా వద్దు, ఇంజను వెంటనే ఆపండి.

ఈనాటి కార్లలో డైనమో లేదు, ఆల్టర్నేటర్ ఉంది. దీపం వెనుక కంప్యూటరు ఉంది, అది తప్పుకు ఒక నంబరు కూడా ఇస్తుంది. ఆ నంబరు చూసి వెంటనే సామాను మార్చేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. నంబరు చెప్పేది నొప్పి ఎక్కడో. కారణం మనమే వెతకాలి. దోషం లేని వేళ మార్చిన వస్తువు దేనికీ రుజువు కాదు. దోషం లేని వేళ అన్న మాట కూడా అంతే.